చిన్న చక్రాల మీద వాయిదాకి

వెనక టైరును బొటనవేలితో నొక్కి చూశాడు తోమా. కొంచెం లోపలికి దిగింది. ముందుది నొక్కాడు. అది ఇంకా గట్టిగా ఉంది. వాల్వు మీద గోరు పెట్టి, ఒక్క ఊపిరంత గాలి వదిలాడు.

వంగి చేసిన పని అంతే. అంతకే నడుంలో ఎక్కడో మేకు దిగినట్టయింది. గోడ పట్టుకుని, నిచ్చెన మెట్లెక్కినట్టు, కొంచెం కొంచెంగా లేచి నిలబడ్డాడు.

"ఇంకా బయల్దేరలేదా?" అంది సుజానా గుమ్మంలోంచి. "ఆ బస్సు నీకోసం ఆగుతాదనుకున్నావా?"

"ఎక్కడ ఆగింది నాకోసం ఇన్నాళ్లూ."

సుజానా మొగుడి చేతిలో సద్ది మూట పెట్టింది. అనాల్సినవన్నీ గత రెండు వాయిదాలప్పుడే అనేసింది.

ఇవాళ పదకొండు గంటలకి పాడేరులో భూమి కేసు వాయిదా. పేరు పిలిచినప్పుడు మనిషి ఎదురుగా నిలబడి పలకాలి. ఇంతకుముందు రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ తోమా లేడు. ఈసారీ పలక్కపోతే కేసు కొట్టేస్తారని వకీలు మాధవి ఫోన్లో చెప్పింది. "నేను మీ తరఫున మాట్లాడగలను తోమా గారూ, మీ బదులు కనిపించలేను కదా," అంది. ఆవిడ గొంతులో కూడా అలసటే.

కేసు కాఫీ తోట గురించి. నాన్న నాటిన తోట. సిల్వర్ ఓక్ చెట్టెక్కి కొమ్మలు నరుకుతుండగా తోమా కాలు జారి పడ్డాడు. విశాఖ ఆసుపత్రిలో నెలల తరబడి వెల్లకిలా పడుకుని, ఇంటికొచ్చి చూసేసరికి తోట చుట్టూ కంచె, కంచెకి రిసార్టు బోర్డు. కాగితం మీద పేరు మాత్రం భీముడిది. భీముడు పరాయివాడు కాదు, చిన్నాన్న కొడుకు. వాడి వెనకున్నది కింద మైదానం నుంచి వచ్చిన రవిబాబు. కొండ మీద భూమి కొండవాడి పేరనే ఉండాలి కాబట్టి రవిబాబుకి ఒక పేరు కావలసి వచ్చింది. భీముడి దగ్గర అమ్ముకోడానికి అదొక్కటే ఉంది.

మొదటి వాయిదాకి జీపు పంపించింది భీముడే. "అన్నా, కేసు కేసే, మనం మనమే" అన్నాడు. ఆ జీపు లోయ మధ్యలో బానెట్టెత్తుకుని సాయంత్రం దాకా నిలబడింది. రెండోసారి వేరే జీపు మాట్లాడుకున్నాడు తోమా. డ్రైవరు మాత్రం వాడే. దారి తవ్వేశారని చెప్పి రాళ్ల క్వారీ మీదుగా తిప్పాడు. ఆ కుదుపులకి నడుం పట్టేసి, కోర్టు దగ్గర దించాల్సిన మనిషిని ఆసుపత్రి దగ్గర దించారు. జరిగిందేమిటో తోమాకన్నా ముందు సుజానాకి అర్థమైంది.

అందుకే ఈ సైకిలు.

*

నడిస్తే కొంత దూరానికే కుడికాలు మొద్దుబారిపోతుంది. మోటారు సైకిలు వెనక కూర్చుందామంటే కాలెత్తి అటువైపు వెయ్యలేడు. చిత్రమేమిటంటే, సీటు మీద బరువు పెట్టి కూర్చుని తొక్కితే ఆ కాలు చక్కగా పనిచేస్తుంది. ఆసుపత్రిలో కాళ్లకి పని చెప్పే సైకిలు మీద కూర్చోబెట్టినప్పుడు తెలిసిందది. కాకపోతే మామూలు సైకిలు ఎక్కాలన్నా కాలెత్తాలి.

అరకు రైల్వేస్టేషను దారిలో వరహాలరావు కొట్టు వెనక, రేకు కింద, మడత సైకిళ్లు కుప్పగా పడి ఉండేవి. మూతబడ్డ హోటలొకటి టూరిస్టుల కోసం కొని వదిలేసినవి. చిన్న చక్రాలు. మధ్యలో ఉండాల్సిన కడ్డీ బాగా కిందకి, మోకాలి కన్నా దిగువన ఉంది. గడప దాటినట్టు దాటి ఎక్కెయ్యొచ్చు.

"ఇది గుంటల సైకిలు, సిన్న పిల్లలది," అన్నాడు వరహాలరావు. విజయనగరం వైపునుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. "నీ మీసానికి నప్పదు."

"మీసంతో తొక్కుతానా వరహాలన్నా. కాలెత్తకుండా ఎక్కాల. అదొక్కటే."

"సెట్టు మీంచి పడినోడివి. ఇంకా ఏటి ఎక్కుతానంటావు?"

మొదటి బండి వరహాలరావు తన ఇష్టప్రకారం కట్టాడు. సన్న టైర్లు, రాయిలా గాలి. చిన్న చక్రం కాబట్టి గాలి దిట్టంగా ఉంటేనే పరుగు అని అతని లెక్క. స్టేషను చుట్టూ ఒక తిరుగుడు తిరిగొచ్చేసరికి తోమా మొహం పాలిపోయింది. పెద్ద చక్రం గోతి మీంచి దాటిపోతుంది. చిన్న చక్రం గోతిలోకి దిగి, అడుగు చూసి, మళ్లీ పైకొస్తుంది. దిగిన ప్రతిసారీ ఆ దెబ్బ తిన్నగా వెన్నులోకే.

"లావు టైర్లు ఎయ్యి," అన్నాడు.

"లావువి ఈ ఫ్రేములో పడతాయేటి?"

"మడ్‌గార్డులు పీకెయ్యి, పడతాయి."

పీకాడు. పడ్డాయి, వేలు దూరేంత సందు కూడా మిగిలింది. విశాఖనుంచి రైల్లో తెప్పించిన టైర్లవి, ఏనుగు గున్నల్లా ఉన్నాయి. గాలి తగ్గించి తొక్కితే రోడ్డు రోడ్డులా కాక, గడ్డి పరుపులా తగిలింది. తర్వాత సీటు. దానికున్న సన్న సీటు తీసి, పాత పోస్టుమేను సైకిలు సీటు పెట్టించాడు. వెడల్పు తోలు, కింద లావు స్ప్రింగులు. హ్యాండిలు బాగా పైకి లేపించి నిటారుగా కూర్చున్నాడు. బరువంతా నడుం కొసనే పడింది. మళ్లీ దింపించాడు. కొంచెం ముందుకు ఒరిగి, అరచేతులూ కాస్త బరువు పంచుకుంటే, అప్పుడు వెన్ను ఊరుకుంది. ఇదంతా ఒక్క రోజులో అయింది కాదు. ప్రతి సంతకీ వచ్చి, తొక్కి, తల అడ్డంగా ఊపి వెళ్లడం. వరహాలరావు విసుక్కోడం.

అసలు తగువు చైన్‌వీల్ దగ్గరొచ్చింది.

"సిన్న సక్రానికి ముందు పెద్ద పళ్లసక్రం ఎయ్యాల. నువ్వు సిన్నది ఎయ్యమంటావు. కుట్టుమిషను తొక్కినట్టు తొక్కాల, బండి మాత్రం కదలదు. ఏటి సేత్తన్నావో నీకు తెలుస్తందా?"

"నిలబడి తొక్కలేను వరహాలన్నా. కొండంతా కూకునే ఎక్కాల. మెల్లగా పోనీ. పోతే చాలు."

వరహాలరావు పానా చేతిలోకి తీసుకున్నాడు. "మరి దిగినప్పుడు?"

"దిగినప్పుడు బ్రేకులుంటే సాలు."

ముందు చిన్న చైన్‌వీల్, వెనక పెద్ద ఫ్రీవీల్, కొత్త బ్రేకు రబ్బర్లు పడ్డాయి. చివరిగా పొడవాటి సీటు రాడ్డు. మడిచినప్పుడు ఆ రాడ్డు లోపలికి దిగిపోతుంది, విప్పినప్పుడు పైకి లాగి క్లిప్పు బిగించాలి.

నిన్న సాయంత్రం ఆ రాడ్డు కిర్రు కిర్రుమంటుంటే తోమా ఇంత వలిస గింజల నూనె పట్టించాడు. తలుపు బందుకైనా, గొడ్డలి పిడికైనా, కీలు నొప్పికైనా ఆ కొండల్లో అందరూ రాసేది అదే. కిర్రుమనడం ఆగింది. తోమా తృప్తిపడ్డాడు.

అప్పుడే భీముడు వచ్చాడు. కొత్త చొక్కా వేసుకుని, అరుగు మీద కూర్చోకుండా నిలబడే, "అన్నా, రేపు జీపు పెడతాను," అన్నాడు.

లోపల్నించి సుజానా అంది: "ఈసారి ఎక్కడ ఆగుతాదో ముందే సెప్పు మరిదీ. అక్కడికే కేరేజీ పంపిస్తాను."

భీముడు నవ్వబోయి మానేశాడు. తోమా వైపు చూశాడు. తోమా రాడ్డు తుడుస్తూ తలెత్తలేదు.

*

ఊరినుంచి మెయిన్ రోడ్డు దాకా ముందు దిగుడు, తర్వాత వాగు, ఆ తర్వాత పొడవాటి ఎక్కుడు. ఎక్కుడు పైన అరకునుంచి పాడేరు పోయే బస్సు పొద్దున్న ఒక్కటే దొరుకుతుంది. ఆ బస్సు తప్పితే వాయిదా తప్పినట్టే.

దిగుడులో తోమా రెండు బ్రేకులూ వేళ్ల మధ్య పెట్టుకుని, గోతుల పక్కనుంచి దారి ఏరుకుంటూ పోయాడు. పొగమంచు తెరలు తెరలుగా లేస్తోంది. గొయ్యి తప్పనప్పుడు తొక్కడం ఆపి, పెడళ్లు సమంగా నిలిపి, బరువు కొంచెం కాళ్ల మీదకి తీసుకుంటే స్ప్రింగులూ టైర్లూ మిగతాది మింగేశాయి. బండి మాట వింటోంది. ఎన్నాళ్లకో ఒక వస్తువు తన మాట వింటోంది. సంతోషించడానికి ఓపిక లేదు గాని, తిట్టుకోడానికి కారణం కూడా లేదు.

మలుపు తిరిగాక హారను వినిపించింది. ఆగకుండా.

దారికడ్డంగా వెదురు బొంగు. బొంగుకి ఇటూ అటూ ఆడవాళ్లు. అంత మంచులోనూ కొప్పుల్లో పూలు, మొహాల మీద పసుపు. ఇటుకల పండగ. తోమా మర్చిపోయాడు. పండగ రోజుల్లో మగవాళ్లు వేటకని కొండెక్కాలి. దారులన్నీ ఆడవాళ్లవి. వేటంటే ఇప్పుడు పేరుకే, ఓ పూట తిరిగి, జీలుగు కల్లు తాగి దిగడమే. కానీ ఎక్కడం మాత్రం ఎక్కాలి. వేటకి పోకుండా ఊళ్లో దొరికిన మగాడికి పేడనీళ్లే.

బొంగు ముందు రవిబాబు జీపు ఉంది. అదే డ్రైవరు. పక్క సీట్లో భీముడు, అదే కొత్త చొక్కా.

"ఏయ్, తప్పుకోండి. కోర్టు పనుంది," అంటున్నాడు డ్రైవరు హారను మీంచి చెయ్యి తియ్యకుండా.

కనకమ్మ బొంగు మీద మోచేతులాన్చి నిలబడింది. అందరికన్నా పెద్దది, నోరూ పెద్దదే. "ఆ పీపీ ఊదుతూనే ఉండు నాయనా, మేం ఆడతాం," అంది. వెనక ఉన్నవాళ్లు నిజంగానే చేతులు కలిపి అడుగులేశారు. తర్వాత ఆవిడ చూపు పక్కసీటు మీద పడింది. "ఒరే భీముడా. కొండ అటుంది. నువ్విటు ఎవుణ్ని వేటాడ్డానికి పోతన్నావురా?"

భీముడు కిటికీ అద్దం ఎక్కించబోయాడు. ఆ జీపుకి ఆ అద్దం సగంలోనే ఆగిపోతుంది.

ముంత ఒకటి గాల్లోకి లేచింది. ఆ వెనకే ఇంకోటి. కొత్త చొక్కా, మొహం, జుట్టు, అన్నీ ఆకుపచ్చగా తడిశాయి. ఆడవాళ్లు విరగబడి నవ్వారు.

పండగ పద్ధతి తెలిసినవాడైతే అక్కడ తనూ నవ్వాలి. నవ్వి, దిగి, రెండడుగులు ఆడి, ముంత ఎత్తినావిడకే దండం పెట్టి పోవాలి. అక్కడితో అయిపోతుంది. భీముడికి నవ్వు రాలేదు. డ్రైవరు కిందనుంచి వచ్చినవాడు, అతనికా పద్ధతి తెలీదు. ముక్కు మూసుకుని, "దిగు," అన్నాడు భీముడితో. "దిగు ముందు. సీటు కవర్లు కొత్తవి. బాబుగారు నన్ను చంపుతారు."

"కోర్టుకి పోవాల కదా?"

"ఈ కంపుతోనా? వాగు దగ్గర కడుక్కుని నడిచి రా. నేను పైకెళ్లి సిగ్నలు దొరికితే బాబుగారికి ఫోన్ చేస్తాను. పైనే ఉంటాను."

భీముడు దిగాడు. దారి విడిచేందుకు డ్రైవరు కిటికీలోంచి నోటు విసిరాడు. కనకమ్మ దాన్ని తీసుకోలేదు, బొంగు మాత్రం ఎత్తింది. జీపు ఎక్కుడు వైపు పోయింది. భీముడు తోమా వైపు చూడకుండా వాగు వైపు నడిచాడు.

"అల్లుడా," అంది కనకమ్మ తోమాని చూసి. "నువ్వూ మగాడివే కదా?"

"నేను చర్చికి పోతానత్తా."

"పో. మగాడివా కాదా అనడిగాను."

"నడుం ఉన్నన్నాళ్లూ మగాణ్నే. ఇప్పుడు నీకే తెలియాల."

ఆ మాటకి మళ్లీ నవ్వులు. కనకమ్మ సైకిలు చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇదేటి, మేకపిల్లలాగుంది. దిగు. నేనెక్కుతాను."

బస్సు పోతుందని చెప్పడానికి నోరు తెరిచి, మూశాడు. చెప్పి లాభం లేదు, పైగా ఆలస్యం. దిగాడు. కనకమ్మ చీర కొంచెం ఎగదోపి, ఆ వంపు కడ్డీ మీంచి కాలు అవతల పెట్టి, కూర్చుని, నాలుగు తొక్కులు తొక్కి, కేకలేస్తూ బొంగుకి గుద్దుకుని ఆగింది.

"మెత్తగుందిరా," అంది దిగుతూ. అప్పుడు గొంతు మారింది. "వాయిదాకేనా?"

"ఊఁ."

"బేగి పో."

బొంగు లేచింది. ముంతలన్నీ కిందే ఉన్నాయి.

*

వాగు దగ్గర భీముడు చొక్కా విప్పి రాళ్ల మీద బాదుతున్నాడు. "అన్నా," అన్నాడు. తోమా ఆగలేదు. ఎక్కుడుకి ముందు ఊపు పోతే మళ్లీ రాదు.

ఎక్కుడు మొదలైంది. చిన్న చైన్‌వీల్ తన పని తను చేస్తోంది. కాళ్లు కుట్టుమిషను తొక్కినట్టే తిరుగుతున్నాయి. నడిచే మనిషికన్నా కొంచెం వేగం, అంతే. పోనీ. మొదటి మలుపు దాటింది. రెండో మలుపులో మోకాళ్లు కొంచెం ఎక్కువ వంగుతున్నట్టనిపించింది. మూడో మలుపుకి మోకాళ్లు కడుపుకి తగులుతున్నాయి.

దిగి చూశాడు. సీటు దిగిపోయింది. పైకి లాగి క్లిప్పు బిగించాడు. పది తొక్కులు తొక్కాడో లేదో మళ్లీ దిగింది. రాడ్డు చేత్తో పట్టుకుంటే జిడ్డు. వలిస నూనె వాసన.

తోమా రోడ్డు పక్కన సైకిలుకి ఆనుకుని నిలబడిపోయాడు. తననెవరూ మోసం చెయ్యలేదు ఈసారి. తనే, తన చేత్తో, శ్రద్ధగా గుడ్డతో రాశాడు. సీటు అంత కిందకుంటే నడుం వంగిపోతుంది, కొంచెం దూరం కూడా పోలేడు. నడుద్దామంటే కాలు అప్పుడే మొద్దుబారుతోంది. జిడ్డు వదిలించడానికి వంగి మట్టి తియ్యాలన్నా తియ్యలేడు. దేవుడితో ఏదో అనబోయాడు, ఆయనకీ ఈ కేసు విసుగొచ్చి ఉంటుందనిపించి ఊరుకున్నాడు.

కిందనుంచి తడి చెప్పుల చప్పుడు. భీముడు. పిండిన చొక్కా భుజాన, జుట్టులో ఇంకా ఆకుపచ్చ.

వచ్చి ఆగాడు. సీటు చూశాడు. రాడ్డు మీద వేలు పెట్టి వాసన చూశాడు.

"దీనికి నూనెవడు రాశాడన్నా?"

"మీ అన్నే."

భీముడు నవ్వలేదు. రోడ్డు వారనుంచి గుప్పెడు ఎర్రమట్టి తీసి రాడ్డు మొత్తానికి రుద్దాడు. చొక్కా అంచు చింపి దాంతో గట్టిగా తుడిచాడు. మళ్లీ మట్టి, మళ్లీ తుడుపు. గొట్టం లోపల వేలికి గుడ్డ చుట్టి తిప్పాడు. కొత్త చొక్కా చింపుతుంటే తోమా చూస్తూ ఊరుకున్నాడు. సగంలో పైనుంచి జీపు చప్పుడు వినిపించింది.

కిందకి వస్తోంది. ఇంకో మలుపు అవతల ఉంది. డ్రైవరు గొంతు కూడా: "భీముడూ. ఓ భీముడూ. బాబుగారు రమ్మంటున్నారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జీపులో చోటు భీముడికే. భూమి నాదే అని చెప్పడానికి వాడు కావాలి. తోమాని ఎక్కించుకునేది మాత్రం మధ్యలో ఎక్కడో దించెయ్యడానికే.

తోమాకి అడిగే ఓపిక కూడా ఆ ఎక్కుడులోనే పోయింది.

"ఇదెలా మడుస్తారు?" అన్నాడు భీముడు.

"మధ్యలో గొళ్లెం. లాగు. ఆఁ. ఇప్పుడు హ్యాండిలు కిందకి."

సైకిలు రెండుగా మడిచి, మేకపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, భీముడు రోడ్డు దిగువన కాఫీ మొక్కల్లోకి దూకాడు. మళ్లీ పైకొచ్చి తోమా చంకల కింద చేతులేసి దించాడు. తోమా గొంతుక్కూర్చోలేడు కాబట్టి పడుకున్నాడు. ఆకుల సందులోంచి ఆకాశం, సిల్వర్ ఓక్ కొమ్మలు. అచ్చం పడ్డ రోజున కనిపించినట్టే.

జీపు సరిగ్గా వాళ్ల పైన ఆగింది. డ్రైవరు దిగి, తడి చెప్పుల ముద్రలు చూసుకుంటూ ఇటూ అటూ నడిచాడు. "భీముడూ. కోపమేంట్రా. కవరు మీద గోనె వేశాను. కూర్చుందువు గాని రా."

భీముడి దవడ కదిలింది. తోమా వాడి మొహం కేసే చూస్తున్నాడు. లేస్తే లేస్తాడు. లేస్తే అంతే. నాన్న తోట, తను పడుకుని ఉన్న ఈ మట్టి లాంటి మట్టి, అన్నీ ఆ రెండు మోకాళ్ల మీద ఉన్నాయి.

డ్రైవరు మళ్లీ పిలిచాడు. ఏదో బూతు తిట్టాడు. జీపు వాగు వైపు దిగిపోయింది.

"గోనె వేశాట్ట," అన్నాడు భీముడు లేచి సైకిలు ఎత్తుకుంటూ.

*

సీటు ఇప్పుడు నిలబడింది. తోమా తొక్కుతున్నాడు. భీముడు వెనకనుంచి సీటు మీద చెయ్యి వేసి తోస్తూ, పక్కనే రొప్పుతూ నడుస్తున్నాడు. కిందెక్కడో బొంగు దగ్గర జీపు హారను మోగుతూనే ఉంది. మధ్యలో ఒకసారి, "రవిబాబు నాకు ఇల్లు కట్టిస్తానన్నాడు. రేకులైనా రాలేదు," అన్నాడు. తోమా "ఊఁ" అన్నాడు. క్షమించానని గాని, క్షమించలేదని గాని కాదు. గాలి లోపలికి పీల్చుకోడానికే ఆ చప్పుడు.

ఎక్కుడు పైకి చేరేసరికి బస్సు పోయిందో లేదో చెప్పేవాళ్లు లేరు. తోటకూర కాడల్లా వాడిపోయి ఇద్దరూ రోడ్డు మీద నిలబడ్డారు. చాలాసేపటికి బస్సు వచ్చింది. దానికీ దారిపొడుగునా బొంగులే అడ్డం పడ్డాయని డ్రైవరు మెడలో పూలదండ చెబుతోంది.

"సైకిలు ఎక్కించను," అన్నాడు కండక్టరు.

భీముడు గొళ్లెం లాగాడు. హ్యాండిలు దించాడు. ఈసారి అడగకుండానే చేశాడు. ఇంజను పక్కన బియ్యం బస్తాల మధ్య ఆ మూట సరిపోయింది.

కండక్టరు ముక్కు ఎగబీల్చాడు. "పేడ కంపేంటయ్యా?"

"పండగ," అన్నాడు భీముడు.

తోమా దారంతా పై కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. బస్సు సీటుకన్నా ఆ కడ్డీయే నయం.

కోర్టు వరండా చేరేసరికి బంట్రోతు ఎవరినో పిలుస్తున్నాడు. మాధవి మెట్ల మీదనుంచి పరుగున వచ్చింది. అవతల స్తంభం దగ్గర తెల్లచొక్కాలో రవిబాబు, చెవికి ఫోను. వాళ్లని చూసి ఫోను దించాడు. భీముడి కేసి చిరునవ్వుతో చెయ్యి ఊపాడు. భీముడు తల దించుకుని తోమా వెనక నిలబడ్డాడు.

పేరు పిలిచారు.

"ఉన్నానండి," అన్నాడు తోమా. అంత దూరం మోసుకొచ్చిన మాట. తీరా పలికితే ఎంత చిన్నదో.

తర్వాత భీముడిని పిలిచారు. పైనున్న అధికారి ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుని, ఈ భూమి నీదేనా అని అడిగాడు. భీముడు చింపిన చొక్కా అంచు వేలికి చుట్టుకున్నాడు.

"పేరు నాదండి," అన్నాడు. "భూమి మా అన్నది."

రాసుకున్నారు. వేలిముద్ర వేయించుకున్నారు. రవిబాబు వకీలు లేచి ఏదో అన్నాడు. మాధవి ఏదో అంది. అన్నీ అయ్యాక అధికారి క్యాలెండరు వైపు చూసి, తీర్పుకి వానాకాలం తర్వాతి తేదీ ఒకటి చెప్పాడు.

"గెలిచామా?" అన్నాడు తోమా బయటికొచ్చాక.

"పోలేదు," అంది మాధవి. "ఇవాళ మీరు రాకపోతే పోయుండేది. ఆయన చెప్పింది రికార్డులో పడింది. ఇక మనదే అనుకోవచ్చు. కానీ మళ్లీ రావాలి."

"మళ్లీ," అన్నాడు తోమా.

"మళ్లీ," అంది ఆవిడ, ఇంకో కేసు కట్ట చంకన పెట్టుకుంటూ.

భీముడు సైకిలు విప్పుతున్నాడు. సీటు పైకి లాగి, మట్టి గీత ఎక్కడిదాకా ఉందో చూసి, అక్కడికే సరిపెట్టి క్లిప్పు బిగించాడు. వరండాలో బెంచీ ఉంది. తోమా దాన్ని ఒకసారి చూసి, సైకిలు దగ్గరికొచ్చి, గడప దాటినట్టు దాటి, సీటు మీద కూర్చున్నాడు. రెండు కాళ్లూ నేల మీద, అరచేతులు హ్యాండిలు మీద. స్ప్రింగులు మూలిగి సర్దుకున్నాయి. నడుం ఊరుకుంది.

"ఇంటికెలా పోదామన్నా?" అన్నాడు భీముడు. "నేనీ పూట ఊళ్లోకి వస్తే కనకత్త మళ్లీ ముంత ఎత్తుతాది."

"నవ్వు. ఈసారి నవ్వెయ్యి. అయిపోతాది."

భీముడు ఇంకేదో అన్నాడు. తోమా వినలేదు. కళ్లు మూసుకున్నాడు. సైకిలు పక్కకి ఒరగబోతే భీముడు హ్యాండిలు పట్టుకుని, అన్న లేచేదాకా అలాగే నిలబడ్డాడు.